రోజారమణి కుట్టించిన బొంతలు

2018వ సంవత్సరం డిసెంబరు పదిహేడవ తేదీ, సోమవారం. కోస్తాలో తుపాను తీరం దాటుతున్నదని పొద్దుటినుంచి టీవీలో చెబుతూనే ఉన్నారు. ఆ తుపాను తోక ఆలేరు మీద సన్నని ముసురుగా వాలింది. వాన కురుస్తుంది, జల్లు కొడుతుంది. ముసురు మాత్రం పట్టుకుంటుంది. మన పెద్దలు దానికి ఆ క్రియనే ఎందుకు కట్టబెట్టారో, తెరిచిన గొడుగు మడవకుండా తిరుగుతున్న ఆలేరు వాళ్లకు ఆనాడు బాగా తెలిసివచ్చింది. దానికి తోడు ఉత్తరపు గాలి. రైలు పట్టాల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చి, ఇంట్లో కూర్చున్నవాళ్లను కూడా వీధిలో నిలబెట్టినట్టు చేసే గాలి.

స్టేషను అవతల ఉన్న నేతవాడలో ముసురు పట్టిందంటే మగ్గం ఆగిందన్న మాట. అక్కడివి గుంటమగ్గాలు. నేలలో మోకాటి లోతు గుంట తీసి, అందులోకి కాళ్లు దించి, తొక్కుతూ నేయాలి. నేల తడిసిందా, గుంటలోకి ఊట దిగుతుంది. వెంకటరాజం మగ్గం గుంటలో ఆ ఉదయం ఊట దిగడమే కాదు, ఒక పక్క అంచు విరిగి లోపల పడింది. నాలుగు ఇటుకలు పేర్చి మట్టి మెత్తితే తప్ప కూర్చునే వీలు లేదు. అతనికి నడుము నొప్పి. అందుచేత ట్రాలీ ఆటో మాట్లాడుకొని, ముక్క ఇటుకల కోసం ఊరి చివరి బట్టీకి అతని భార్య రోజారమణి బయలుదేరింది.

ఈ రోజారమణి గురించి రెండు మాటలు ముందే చెప్పుకోవాలి. నర్సమ్మలూ రాజవ్వలూ పుట్టే వాడలో ఆ పేరు పెట్టడమే ఒక సాహసం. పెట్టినవాడు ఆమె తండ్రి. బట్టల మూట భుజాన వేసుకొని సికింద్రాబాదు దాకా తిరిగి అమ్మినవాడు కనుక, అక్కడెక్కడో విన్న పేరు తెచ్చి కూతురికి కట్టాడు. వాడలోని ముసలివాళ్లకు అది నోరు తిరగక రోజమ్మ చేశారు. ఏడో తరగతి దాకా చదివింది. ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాదు, ఏ పార్టీ కండువా వేసుకోలేదు. ఆమెకు ఉన్నదల్లా ఒకటే గుణం: నోరు జారి ఒక మాట అన్నదంటే, ఆ మాట వెంట తానూ నడిచి వెళ్లవలసిందే. దీన్ని ఆమె అత్తగారు మొండితనం అనేది. వెంకటరాజం పెళ్లయిన కొత్తలో అట్లాగే అన్నాడు గాని, తర్వాత ఏమీ అనడం మానేశాడు.

బట్టీ దగ్గర ఆమె చూసిన దృశ్యం ఇది. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఆడా మగా పరుగులు పెడుతూ, అచ్చు పోసి ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరుసల మీద నల్లని ప్లాస్టిక్ తాటిపత్రీలు కప్పుతున్నారు. బట్టీలో ఉన్న తాటిపత్రీలన్నీ ఇటుకల మీదే ఉన్నాయి. వాళ్లు ఉండే గుడిసెలంటే, నడుము ఎత్తు దాకా ఇటుకలు పేర్చి, పైన రేకు ఒకటి మోపినవి. లోపల చెమ్మ నేల. ఆ నేల మీద పిల్లలు ఒకరినొకరు కరుచుకొని ఉన్నారు. ఒక చంటివాడు సిమెంటు సంచిలో ఉన్నాడు. సంచి మూతి దగ్గర వాడి తల మాత్రమే కనిపిస్తున్నది.

వాడి తల్లి పేరు ద్రౌపది. నాలుగేళ్లుగా ఈ పక్కకు వస్తున్నది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది.

“పిల్లల మీద ఒక్క పత్రీ అయినా కప్పరాదమ్మా?” అని రోజారమణి అడిగింది.

“ఇటుక తడిస్తే మళ్లీ చేయాలి,” అన్నది ద్రౌపది, నవ్వుతూనే. “పిల్లలు తడిస్తే ఆరుతారు.”

రోజారమణి మళ్లీ సంచిలోని తల వైపు చూసింది. చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. “సూడు చెల్లె, వచ్చే చలికాలానికి నీ కొడుక్కు నేను బొంత ఇస్త. వీనికొక్కనికే గాదు, ఈడున్న పోరగాళ్లందరికి,” అని అనేసింది.

పక్కనే నిలబడి ఇటుకలు లెక్కపెట్టిస్తున్న మేస్త్రి సైదులు, బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. “ఇచ్చేటోళ్లు మస్తుమంది అక్కా. మొన్న కార్లల్ల వచ్చి రగ్గులు ఇచ్చిండ్రు, పోటోలు దిగిండ్రు, ఇంకో బట్టీల పోటో దిగాలె అని అవ్వే రగ్గులు మల్ల కార్ల ఏసుకున్నరు.”

“మేం కార్ల వచ్చేటోళ్లం గాదు తమ్మీ.”

“గందుకే జెప్తున్న. ఉన్నోళ్లే గట్ల జేసిండ్రు.”

ముక్క ఇటుకలతో ఆటో వెనక్కి మళ్లింది. ఆ సాయంత్రం గుంట అంచు బాగుపడింది. అన్న మాట మాత్రం రోజారమణి గొంతులో చేప ముల్లులాగా అట్లాగే నిలిచింది.

*

బొంత అన్నది చాలా పాత మాట. సంస్కృతంలో కంథ ఉన్నది. కాని కంథ అనగానే సన్యాసి గుర్తుకొస్తాడు, బొంత అనగానే అవ్వ గుర్తుకొస్తుంది. చిరిగిన చీరలను పొరలు పొరలుగా పరిచి, సూది దారంతో దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోతే బొంత అవుతుంది. పల్లెల్లో సేద్యం ఇండ్లలో ఆడవాళ్లకు అది పుట్టుకతో వచ్చిన విద్య. నేతవాడలో మాత్రం అట్లా కాదు. బట్ట నేసేవాళ్లు చినిగిన బట్టను అతకడం చిన్నతనంగా చూస్తారు. వేసవి మొదలై, పనుల వేడి తగ్గిన మధ్యాహ్నాల్లో రోజారమణి ఇల్లిల్లూ తిరిగి అడిగినప్పుడు మొదట వచ్చిన మాట ఇదే.

“మనం బట్ట నేసేటోళ్లం గాదె రోజా. బొంతలు కుట్టుడేంది? రేపు గిన్నెలకు మాట్లు గూడ ఏద్దామా?”

“ఏద్దాం వదినె, ముందుగాల మీ ఇంట్లయే తే.”

నవ్వులయితే నవ్వారు గాని, ఒకరిద్దరు కూడా కదలలేదు. మొట్టమొదట వచ్చి కూర్చున్నది ఎదురింటి కొత్త కోడలు నిరోష. ఇరవై రెండేళ్ల పిల్ల. అత్తగారింట్లో మధ్యాహ్నాలు ఎట్లా గడపాలో తెలియక వచ్చాననీ, తనకు సూది పట్టడం కూడా రాదనీ దాచకుండా చెప్పింది. రెండో మనిషి నేతవాడ మనిషే కాదు. రైలు గేటు అవతల సేద్యం చేసుకునే మైసయ్య భార్య గోపమ్మ. అరవై దాటిన గోపమ్మ కుట్టిన బొంత మీద పడుకుంటే నిద్ర దానంతట అదే వస్తుందని చుట్టుపక్కల పేరు. రోజారమణి ఆమెను వెతుక్కుంటూ పొలానికి వెళ్లి, చేను గట్టు మీద కూర్చొని పిలిచింది. గోపమ్మ వచ్చేటప్పుడు తన ఇంట్లోని పాత చీరలు మూట గట్టుకొని వచ్చింది.

ముగ్గురూ నేతగాళ్ల సహకార సొసైటీ అరుగు మీద కూర్చోవడం చూసి, మెల్లగా ఒక్కొక్కరే చేరారు. ఊరికే చూద్దామని వచ్చినవాళ్లకు కూడా రోజారమణి సూది అందించేది. చేతిలో సూది ఉన్న మనిషి లేచిపోవడానికి మొహమాటపడుతుందని ఆమెకు తెలుసు.

పేలికలకు కొదవ లేదు. నేతవాడ బట్టలో పనికిరాని భాగం ఎప్పుడూ కొంత ఉంటుంది: మగ్గం మీద పడుగు చివర మిగిలిపోయే మూరెడు ముక్క, రంగు జరిగి పువ్వు పువ్వుతో కలవని దుప్పటి, అంచు వంకర పోయిన తువ్వాల. నేయకముందే అక్కడక్కడ దారం బిగించి, చిటికి కట్టి రంగులద్దిన నూలు కాబట్టి, ముక్కలోనూ ఆ అందం పోదు. ఎరుపు, నలుపు, తెలుపు నీటిలో నీడల్లాగా ఒకదానిలోకి ఒకటి కరుగుతూ ఉంటాయి. వీటికి తోడు బస్టాండు దర్జీలు రోజూ ఊడ్చి పారేసే ముక్కలు. రోజారమణి వాళ్ల దుకాణాల్లో తలా ఒక సంచి తగిలించి, “ఊడ్చుడు మీకు తప్పుతది, ఏరుడు మాకు తప్పుతది,” అని ఒప్పించింది.

చిక్కు వచ్చినదల్లా ఆ కొత్త ముక్కలను తడపాలా వద్దా అన్న దగ్గర.

నేతగాడు పడుగు దారానికి గంజి పెడతాడు. అన్నం గంజిలో కొద్దిగా నూనె కలిపి, వీధి పొడుగునా పడుగు సాపి, కుంచెతో రాస్తాడు. దానితో దారం గట్టిపడి మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. అందుకే మగ్గం దిగిన బట్ట పెళపెళలాడుతుంది. ఆ పెళపెళే కొత్తదనానికి గుర్తు. అట్లాంటి బట్టను వాళ్లు “నీళ్లు సూడని బట్ట” అంటారు. పెళ్లికి పెట్టినా, దేవునికి కట్టినా, చుట్టానికి ఇచ్చినా నీళ్లు చూడని బట్టే ఇవ్వాలి. ఒక్కసారి తడిపిన బట్టను ఇవ్వడమంటే, వాడి విడిచినది ఇచ్చినట్టే. ఇది అక్కడి మర్యాద. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు.

గోపమ్మ ఒక ముక్క తీసి, సూది గుచ్చబోయి, ఆపింది.

“సూది దిగుత లేదు బిడ్డా. అట్టముక్క తీర్గ ఉన్నది. ఒక్కపారి ఉడుకునీళ్లల్ల ముంచి ఆరేసినంక కుడదాం.”

“వద్దత్తా. నీళ్లు సూసిందంటే పాతబట్ట అయితది.”

“బొంతకు పాతదేంది, కొత్తదేంది? మెత్తగుంటె సాలదా?”

“ఆళ్లకు అందరు పాతయే ఇస్తరత్తా. ఇచ్చినయి గూడ గుంజుకపోయిండ్రు. మనం ఇచ్చేది కొత్తగుండాలె. చేతుల వట్టుకుంటె పెళపెళమనాలె. మేం బట్ట నేసేటోళ్లం.”

గోపమ్మ ముక్కను ఒళ్లోకి లాక్కున్నది. “నీ బొంత నీ ఇష్టం. లోపటి పొరకైతే నా పాత చీరెలే ఎయ్యాలె. గవి ఉతికి ఉతికి ఎన్న తీర్గ ఉన్నయి,” అని సూది బలంగా గుచ్చింది.

అట్లా ఒప్పందం కుదిరింది: పైనా కిందా నీళ్లు చూడని నేతముక్కలు, నడుమ గోపమ్మ తెచ్చిన పాత చీరలు. ఎండలు పోయి వానలు వచ్చి, వానలు పోయి బతుకమ్మ పాటలు వచ్చేనాటికి, ఆడవాళ్ల వేళ్ల కొసలు గట్టిపడ్డాయి గాని బొంతలు మాత్రం మెట్లు మెట్లుగా పెరిగాయి. నిరోష కుట్టు మొదట కోడి నడిచినట్టు ఉండేది. రానురాను దారిలో పడింది. పూర్తయిన బొంతలన్నీ నూలు దాచే సొసైటీ గోదాములో ఒక మూలన పేర్చారు. అన్నీ ఒక్కనాడే, చలి ముదరగానే, వరుసగా పరిచి పంచాలని రోజారమణి కోరిక. ఆ పేర్పును రెండు మూడు రోజులకొకసారి తలుపు సందులోంచి చూసి వచ్చేది. లోపలికి వెళ్లి తాకితే మడత చెడుతుందని తాకేది కాదు.

*

కార్తీకం వెళ్లిపోయి, బట్టీకి కూలీల లారీలు రావడం మొదలైన వారంలోనే సొసైటీ మేనేజరు అశోక్‌కుమార్ ఆమె ఇంటి ముందు బండి ఆపాడు.

“వదినా, జర గోదాముకు రా.”

“నూలు వచ్చిందా తమ్మీ?”

“నూలు గాదు. ఎలుకలొచ్చినయి.”

గోదాములో పైవరుస బొంతలు బాగానే ఉన్నాయి. రెండోది ఎత్తగానే కింది బొంత పైబట్ట ముక్కలు ముక్కలుగా రాలింది. బియ్యపు గంజి, అందులో నూనె. ఎలుకకు అంతకన్న విందు ఏమున్నది? ఎర్రపువ్వు ఉన్నచోట ఒక బొక్క, అంచు ఉన్నచోట ఒక బొక్క. మూలన గూడు కట్టి పిల్లలను కూడా పెట్టాయి. రోజారమణి ఒక్కొక్క బొంతే ఎత్తి చూసింది. పాడైన వాటన్నింటిలోనూ పై బట్టే పోయింది. నడుమ వేసిన గోపమ్మ పాత చీరలను ఎలుకలు ముట్టుకోలేదు. కొత్తబట్ట చిరుగుల్లోంచి పాత చీరల పువ్వులు చెక్కు చెదరకుండా కనబడుతున్నాయి.

“వానలల్లనే ఎలుకలు మరిగినయి. ఇప్పుడు నూలు లచ్చీలకు గూడ పన్ను పెడుతున్నయి,” అన్నాడు అశోక్‌కుమార్. అతని గొంతులో కోపం కన్న ఇబ్బంది ఎక్కువగా ఉన్నది. “రేపు మీటింగుల నన్నే అడుగుతరు వదినా. గివి ఇయ్యాల్లనే తీసెయ్యాలె. నీకు వేరే జాగా లేదా?”

“ఉన్నది,” అన్నది రోజారమణి. లేదు.

బొంతలు వీధిలోకి వచ్చాయి. వాడంతా చూసింది. “ఎండకాలమంత కూసోని ఎలుకలకు బొంతలు కుట్టినం,” అని ఒకామె అంటే, “ఎలుకపిల్లలకైతే చలి ఆగింది గద,” అని ఇంకొకామె అందుకున్నది. మాఘంలో పెళ్లిళ్లు, చేతినిండా చీరల పని. సూదులు తిరిగి ఇచ్చినవాళ్లు ఇచ్చారు. ఇవ్వనివాళ్లు మర్చిపోయినట్టు నటించారు. వెంకటరాజం ఒకటే అన్నాడు: “కండెలు పోసేటోళ్లు లేక నిన్నటిసంది మగ్గం ఖాళీగ ఉన్నది.” కండెలకు నూలు చుట్టిపెట్టడం ఆమె పని. ఆ మాటలో ఆరోపణ ఏమీ లేదు, అందుకే అది ఎక్కువ గుచ్చుకున్నది.

బట్టీలో పిల్లలు దిగారు. రాత్రిళ్లు చలి మొదలైంది. రోజారమణి గుమ్మంలో బొంతల కుప్ప ముందు కూర్చొని, కత్తెర తీసుకున్నది. అన్నిటికన్న ముందుగా, తాను కుట్టిన వాటిలో తనకు ఎంతో గర్వంగా ఉండిన బొంతనే తీసి, కుట్లు విప్పడం మొదలుపెట్టింది. సగం విప్పి లేచి, రైలు గేటు దాటి గోపమ్మ ఇంటికి వెళ్లింది.

గోపమ్మ కందులు చెరుగుతున్నది. చాట ఆపకుండానే, “తెలిసింది,” అన్నది.

“నీ మాట వినకపోతినత్తా.”

“నా మాట ఇనకపోతే ఇనకపోతివి, ఎలుక మాటన్న ఇన్నవు.” చాట కిందపెట్టింది. “ఇప్పుడేం జేద్దామనుకుంటున్నవు?”

“మొత్తం ఇప్పుత. గంజి పోయేదాక ఉడకవెడుత. ఎలుకలు కొట్టిన కాడ మల్ల ముక్కలేసి కుడుత. నీ చీరెలు మంచిగనే ఉన్నయి.”

“ఒక్కదానివా?”

“వచ్చేటోళ్లు వస్తరు. రాకపోతే ఒక్కదాన్నే. ఆడ పోరగాళ్లు నేల మీద పండుకుంటున్నరత్తా. నేను చెప్పొచ్చిన.”

“ఉడకవెడితే నీళ్లు సూసినట్టే గద మరి?”

రోజారమణి చాటలోని కందులను వేలితో అటూ ఇటూ జరిపింది. ఇచ్చేది కొత్తగా ఉండాలన్న కోరిక ఇంకా ఆమెలో చావలేదు. గోపమ్మ అది గ్రహించింది. “మీకాడ కొత్తబట్ట కట్టుకునే ముందట మూలకు పసుపు పెట్టరా? మా దిక్కైతే పెడుతరు. కుట్టినంక దీనికి గూడ పెడుదాం. పసుపు పెట్టి ఇచ్చినంక ఎవడు పాతదంటడో సూస్త,” అని లేచి, కొంగు దోపుకొని ముందు నడిచింది.

*

నూలుకు రంగు అద్దే పెద్ద డేగిసా వెంకటరాజం ఇంట్లో ఉన్నది. ఇద్దరు ఆడవాళ్లు దాన్ని దొర్లించుకుంటూ వాకిట్లోకి తేవడం అతను మగ్గం గుంటలో కూర్చొని చూశాడు. వాళ్లు నీళ్లు పోసి పొయ్యి ముట్టించబోతుంటే, ఇక ఉండలేక లేచి వచ్చాడు.

“గంజి ఒక్క ఉడుకుకు పోదు. ముందుగాల్ల ఒక పూటంత నానెయ్యాలె. మల్ల సోడా ఏసి ఉడకవెట్టాలె. ఎర్రయి, తెల్లయి ఒక్కకాడ ఎయ్యకుండ్రి, తెల్లయాటికి రంగు అంటుకుంటది.”

“ఎర్రయి ఇదివరకే ఏసినం,” అన్నది గోపమ్మ.

అట్లా మొదటి వాయిలోని తెల్లబట్టలన్నీ దానిమ్మ గింజల రంగుకు తిరిగాయి. చూడటానికి బాగానే ఉన్నాయని గోపమ్మ తీర్పు చెప్పింది. నిరోష వచ్చి ముక్కలు విప్పడానికి కూర్చున్నది. అప్పటికి ఆమెకు అయిదో నెల.

ఉతకడం అయింది గాని, ఆరబెట్టడం ఎట్లా? చలికాలపు ఎండ పొద్దెక్కాక వచ్చి, పొద్దు వాలకముందే వెళ్లిపోతుంది. నేతవాడలో ఎండ పడే చోటు ఒక్కటే: పడుగులు సాపే వీధి. అది పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా మగవాళ్లది. ఎవరి పడుగు ఏనాడు సాపాలో వంతులు ఉంటాయి. తండ్రుల నాటినుంచి వస్తున్న ఆ వంతును ఎవరూ వదులుకోరు. వదిలితే మళ్లీ వంతు వచ్చేదాకా మగ్గం ఎక్కించడానికి పడుగు ఉండదు. తడి ముక్కలు రెండు రోజులు గోడల మీద వేలాడి, వాసన పట్టడం మొదలుపెట్టాయి. రోజారమణి వీధి మొగలో నిలబడి, అక్కడ బారుగా సాపిన పడుగునూ, దాని మీద పడుతున్న ఎండనూ చూసింది. అడగాలంటే ఎవరిని అడగాలి? ప్రతి ఇంటిలోనూ పెళ్లి చీరల పనే.

మరునాడు వెంకటరాజం వంతు. పొద్దున్నే అతను పడుగు చుట్ట భుజాన వేసుకొని బయటికి వచ్చాడు, వీధిలో నాలుగడుగులు నడిచాడు, ఆగాడు, వెనక్కి వచ్చి చుట్టను మళ్లీ దూలానికి తగిలించాడు.

“ఏమైంది?” అని రోజారమణి అడిగింది.

“గంజి సిక్కగ కాలేదు,” అన్నాడు.

గంజి కాచింది ఆమె. అది సరిగ్గా ఉన్నదని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు. పడుగుకు పాతే కర్రలను మాత్రం అతను వీధిలో ఆ చివరినుంచి ఈ చివరి దాకా పాతి, తాళ్లు బిగించి, “ఎండ ఎక్కువసేపు ఉండది,” అని లోపలికి వెళ్లిపోయాడు. తాళ్ల మీద ఎరుపు, నలుపు, దానిమ్మ రంగు ముక్కలు వీధి పొడుగునా ఎగిరాయి. తన వంతు తాను వదిలిన మనిషి ముందు మిగతావాళ్లు ఎట్లా మాట్లాడతారు? ఆ తర్వాతి రోజు వంతు గల ఆయన, అడగకుండానే, పడుగును మధ్యాహ్నానికి ముందే ఎత్తేశాడు. ఆయన భార్య, సూది తిరిగి ఇచ్చినవాళ్లలో మొదటిది, మరో సూది కోసం వచ్చింది. “నేను మా ఆయన పోరు పడలేక వచ్చిన,” అని చెప్పుకున్నది గాని, కూర్చున్నాక పొద్దు గూకేదాకా లేవలేదు.

ఇంకొక్క పూట పనితో అంతా ముగుస్తుందనగా సూర్యగ్రహణం వచ్చిపడింది. డిసెంబరు ఇరవై ఆరు, గురువారం, అమావాస్య. గ్రహణం పట్టినప్పుడు కత్తెర, సూది ముట్టరాదు. నిరోష వంటి చూలింత అయితే గడప కూడా దాటరాదు. రోజారమణికి ఆ పూట ఊరికే పోవడం ఇష్టం లేదు. ఆకాశం వైపు చూసి, “ఇది ఇయ్యాల్లనే పట్టాలెనా?” అని గొణిగింది. గ్రహణం విడిచింది. ఇండ్లు కడుక్కొని, తలల మీద నీళ్లు పోసుకొని, తడి జుట్లతోనే వచ్చి ఆడవాళ్లు అరుగు నిండా కూర్చున్నారు. పొద్దు వాలేసరికి చివరి కుట్టు పడింది. గోపమ్మ గిన్నెలో పసుపు కలుపుకొని, ఒక్కొక్క బొంత మూలా వేలితో అద్దుకుంటూ వచ్చింది.

*

మరునాడు ట్రాలీ ఆటో నిండా బొంతలు వేసుకొని బట్టీకి వెళ్లారు. సైదులు అదే చోట నిలబడి ఉన్నాడు. ఆటోను చూసి చెవి మీది బీడీ తీసి, వెలిగించకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

“పోటోలు ఎవరు దించుతరక్కా?”

“ఎవ్వరు దించరు. ద్రౌపది యాడున్నది? ముందుగాల్ల ఆమె కొడుక్కు ఇయ్యాలె.”

“ద్రౌపది ఈయేడు రాలే. ఆళ్ల ఊరోళ్లంత అటు తమిళనాడు దిక్కు పోయిండ్రట. వీళ్లు కొత్తోళ్లు.”

రోజారమణి చేతిలో మడత పెట్టిన చిన్న బొంత ఒకటి ఉన్నది. సిమెంటు సంచిలో ఉన్న తల ఎంత ఉండేదో గుర్తు చేసుకొని, ఒక యేడు ఎదుగుదల కలిపి, ప్రత్యేకంగా కుట్టినది. ఆమె ఆ బొంతను చంకలోకి జరుపుకున్నది. ఎవరి ముందు మాట ఇచ్చిందో ఆ మనిషే లేనప్పుడు, ఆ మాటకు నిలబడటం ఎట్లా? గోపమ్మ వెనకనుంచి మెల్లగా, “అందరికి అన్నవు గద బిడ్డా,” అన్నది.

గుడిసెల ముందు ఆడవాళ్లు గుంపుగా చేరారు గాని, ఎవరూ చేయి చాచలేదు. వాళ్లలో ఒకామె, పక్కన పిల్లను నిలబెట్టుకొని, హిందీలో అడిగింది: “వాపస్ లేంగే క్యా?”

మళ్లీ తీసుకుపోతారా అని. కార్లవాళ్లు వీళ్ల దగ్గరికీ వచ్చిపోయినట్టున్నారు. రోజారమణికి ఆ మాత్రం హిందీ అర్థమవుతుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చొని, ద్రౌపది కొడుకు కోసం కుట్టిన బొంతను విప్పి, ఆ పిల్ల భుజాల చుట్టూ కప్పి, రెండు కొసలూ ముడివేసింది. బిగించి వేసింది, ఎవరూ తొందరగా విప్పలేనట్టు.

“వాపస్ లేదు,” అన్నది.

పిల్ల బొంతలో ముఖం దాచుకున్నది. తల్లి ముందుకు వంగి బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి, పక్కామెతో తమ భాషలో ఏదో అన్నది. ఇద్దరూ నవ్వారు. మెత్తగా ఉన్నదని అన్నట్టు గోపమ్మ ఊహించి చెప్పింది. అప్పుడు చేతులు చాచారు.

పిల్లలందరికీ అందాయి. ఇంకా కొన్ని మిగిలితే, వాటిని ఎవరికి ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు, సైదులు దగ్గి, చూలుతో ఉన్నవాళ్లు ముగ్గురు ఉన్నారని చెప్పి, తానే వాళ్లను పిలుచుకొని వచ్చాడు.

*

నిరోష భర్త మహేశ్‌కు తర్వాత కొత్తకోటలో హైవే పక్కన లారీల మరమ్మతు షెడ్డులో పని దొరికింది. బిడ్డను ఎత్తుకొని ఆమె అటు వెళ్లిపోయింది. అక్కడ చలికాలంలో చెరుకు నరకడానికి వచ్చి చేలల్లోనే గుడారాలు వేసుకునే వాళ్లను చూసి, తానూ బొంతలు కుట్టించాలనుకుంటున్నాననీ, కాని పిలిస్తే ఎవరూ రావడం లేదనీ, నవ్వుతున్నారనీ రోజారమణికి కబురు పంపింది. దానికి వచ్చిన జవాబు ఇది. అక్షరం కూడా దిద్దకుండా ఇక్కడ ఇవ్వడమైనది.

ఆలేరు,
29-10-2023.

చెల్లె నిరోషకు,

నీ కబురు అందింది. బిడ్డ మంచిగున్నదా. ఫోన్ల జెప్తె సగం ఇంటవు సగం మర్సిపోతవు, గందుకే కాయితం మీద రాస్తున్న. గోడకు అతికించుకో.

అక్కడ మగ్గాలు లేవు అన్నవు. దర్జీలు ఉంటరు గద. ఆళ్ల కాడ సంచులు తగిలియ్యి. ఏ ముక్కయినా సరే ముందుగాల్ల నానెయ్యి, ఉడకవెట్టు, ఎండల ఆరెయ్యి. తర్వాతనే సూది. గోపమ్మత్తకు ఇప్పుడు కండ్లు ఆనుత లేవు, సూదిల దారం నేనే ఎక్కిస్తున్న, అయినా అందరి కంటె ముందల కుడుతది.

ఇంకోటి. కుట్టిన బొంత ఇంట్ల పెట్టకు. ఒకటి అయితే ఒకటి, ఏనాడు అయితే ఆనాడే ఇచ్చి రా. అన్ని పేర్సి ఒక్కనాడే పంచాలె, అందరు సూడాలె అనే సోకు నాకుండె. గది ఎలుకల కంటె సెడ్డది. పిల్లల పొడుగు సూసి జానెడు ఎక్కువ కుట్టు, పెరుగుతరు.

కరోనా వచ్చిన యేడు బట్టీ మూసినప్పుడు ఆడి కూలోళ్లు మనం ఇచ్చిన బొంతలు నెత్తిన పెట్టుకొని పట్టాల వెంబడి నడిసిపోయిండ్రని సైదులు చెప్పిండు. నేను సూడలేదు, బయటికి రానియ్యలే. పోయినేడు బట్టీకి వచ్చినోళ్లల్ల నలుగురు ఆడోళ్లు ఆళ్లే వచ్చి మా అరుగు మీద కూసున్నరు. ఆళ్ల కుట్టు వేరే తీర్గ ఉంటది, అడ్డం నిలువు రెండు పోతది. నేను నేర్సుకుంటున్న, ఇంక సక్కగ వస్త లేదు.

పిలిస్తె ఎవ్వరు వస్త లేరు అని ఏడ్సినవట. పిలువకు. నువ్వు పొయ్యి మంది కనవడే కాడ కూసోని కుట్టు. ఆళ్లు నవ్వనియ్యి. నవ్వేటోళ్లు నిలవడి నవ్వుతరు, నిలవడ్డోళ్లకు కాళ్లు గుంజుతయి, కూసుంటరు. అప్పుడు సూది ఇయ్యి.

వచ్చే ఐతారం పొద్దటి బస్సుకు నేను వస్తున్న. హైదరాబాదుల దిగి మారాలె, మధ్యానం అయితది. దర్జీల దుకాణాలు బంద్ అయ్యేలోపట నన్ను తీస్కపో. మాట్లాడేది నేను మాట్లాడుత.

నీ అక్క,
రోజారమణి